తలుపు వేసుకుంటే పొదిలి

మా పెద్ద మేడం చనిపోయారని వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. "మేడం గారూ, అక్క ఇంక మనకు లేదండీ. తెల్లవారుజామున ప్రభువు పిలుచుకున్నాడండీ" అన్నాడు. అప్పుడు నేను బ్రాడీపేటలో మా కోచింగ్ సెంటర్ మెట్లు ఎక్కుతున్నాను. సగం మెట్ల మీదే కూర్చుండిపోయాను. కింద ఆటోవాళ్ళు ఎప్పటిలాగే ఒకరి మీద ఒకరు హారన్లు కొట్టుకుంటున్నారు. అంత దుఃఖంలోనూ ఒక పిచ్చి సంగతి నా మనసులో ముల్లులా గుచ్చుకుంది. పొదిలి పక్క పల్లెలో పుట్టి, అక్కడే కందులూ సజ్జలూ పండించుకునే మనిషి, సొంత అక్క పోయిన పూట, నాతో మాట మాటకీ 'అండీ' పెట్టి మాట్లాడాడు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మీలో కొందరు ఆవిడ దగ్గర చదువుకునే ఉంటారు. చదువుకోనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆవిడ ఒక మిషన్ స్కూల్లో ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక బ్రాడీపేటలో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని కోచింగ్ సెంటర్ పెట్టారు. పిల్లలు ఆవిణ్ణి పెద్ద మేడం అనేవాళ్ళు, నన్ను చిన్న మేడం. నా తల నెరిసినా చిన్న మేడం చిన్న మేడమే.

పొద్దున మాకు లండన్ బ్యాచ్. నర్సింగ్ చదివి ఇంగ్లాండు ఆసుపత్రులకు పోయే పిల్లలు. సాయంత్రం అమెరికా బ్యాచ్. ఇక్కడే కంప్యూటర్ ముందు కూర్చుని, అక్కడి డాక్టర్లు చెప్పింది విని టైపు చేసే ఉద్యోగాలకు పోయేవాళ్ళు. బోర్డు ఒకటే. పొద్దున పెద్ద మేడం తన గుండ్రటి చేతిరాతతో మాటల వరుస రాసేవారు. రక్తహీనతకు ఒక మాట, అన్నవాహికకు ఒక మాట, పురిటినొప్పులకు ఒక మాట. సాయంత్రం అమెరికా బ్యాచ్ వచ్చేసరికి ఆ మాటల్ని చెరిపి మళ్ళీ రాసేవారు కాదు. అమెరికావాళ్ళు వదిలేసిన అక్షరం ఎక్కడుందో చూసి, దాన్ని మాత్రం వేలికొనతో తుడిచేవారు. ఒకచోట 'ఏ' పోయేది, ఒకచోట 'ఓ', ఒకచోట 'యూ'. మాట మధ్యలో సుద్దపొడి మరకతో ఒక ఖాళీ మిగిలేది. "కలిపి రాయండి మేడం, చూడటానికి బాగుంటుంది" అని పిల్లలు అనేవాళ్ళు. "బాగుండక్కర్లేదు. అక్కడ ఒకటి ఉండేదని తెలిస్తే చాలు" అనేవారు. రోజంతా ఆవిడ కుడిచేతి చూపుడువేలు తెల్లగానే ఉండేది. ఆ వేలితోనే ముక్కు మీద కళ్ళజోడు ఎగదోసుకునేవారు, ముక్కు కూడా తెల్లగా అయ్యేది. ఆ సంగతి ఆవిడకు చెప్పే ధైర్యం పిల్లల్లో ఎవరికీ లేదు. నాకు ఉంది గానీ నేనూ చెప్పలేదు. చూడటానికి సరదాగా ఉండేది.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు చెబుతాను. అప్పటికే నాకు పెళ్ళయి గుంటూరు వచ్చి చాలా కాలమైంది. కొత్తలో మా అత్తగారింట్లో నేను ఎర్రగడ్డలంటే ఉల్లిపాయలా అని నవ్వేవాళ్ళు. అంగడికి పోయి బొరుగులు అడిగితే, అంగడాయన నా ముఖంలోకి చూసి, మరమరాల డబ్బా దించేవాడు. చెడ్డవాళ్ళు కాదు. ముచ్చటపడే నవ్వేవాళ్ళు. కానీ ప్రతి పూటా ముచ్చటగా ఉండటం ఎవరివల్ల అవుతుంది? ఏడాది తిరిగేసరికి నా మాటంతా మార్చేసుకున్నాను. యాడ పోయి ఎక్కడ వచ్చింది. శానా పోయి చాలా వచ్చింది. పెద్ద మేడం ఎదురుగా కూర్చున్న రోజున నాది పక్కా గుంటూరు మాట. ఆవిడ ఇంగ్లీషులో అడిగారు, నేను ఇంగ్లీషులో చెప్పాను. సర్టిఫికెట్లు చూపించమన్నారు. బ్యాగులో వెతుకుతుంటే చేతికి దొరకలేదు. కంగారులో నోరు జారింది.

"అయ్యో, యాడ పెట్టానబ్బా!"

ఆవిడ కలం కింద పెట్టారు. లేచి వెళ్ళి తలుపు వేశారు. ఆ గది తలుపు పాత టేకు తలుపు, ఉబ్బిపోయి ఉండేది. గడియ పడాలంటే తుంటితో ఒక్క తోపు తోయాలి. ఆవిడ ఆ తోపు తోసి, గడియ పెట్టి, వచ్చి కూర్చుని నా వంక వంగారు.

"మీది యాడమ్మే?"

"పొదిలి కాడ మేడం."

"మాదీ ఆపక్కే. అబ్బా, ఎన్నాళ్ళైందమ్మే ఈ మాటిని!"

సర్టిఫికెట్లు తర్వాత దొరికాయి. ఆవిడ చూడనే లేదు.

ఆ రోజు మొదలు మా ఇద్దరికీ ఒక పద్ధతి ఏర్పడింది. మధ్యాహ్నం లండన్ బ్యాచ్ వెళ్ళిపోయాక ఆవిడ తలుపు వేసేవారు. తుంటితో తోసిన ఆ దబ్బుమన్న చప్పుడు వినగానే, మెట్ల మీద చదువుకునే పిల్లలు "మేడంలు అన్నానికి కూర్చున్నారు" అనుకునేవాళ్ళు. తలుపు పడితే ఆవిడ పెద్ద మేడం కాదు, నాకు అక్క. నేను చిన్న మేడం కాదు, అమ్మే. తలుపు అవతల గుంటూరు, ఇవతల పొదిలి. మొదటి మాట ఎప్పుడూ ఆవిడదే. గడియ పెట్టి ఇటు తిరిగి, "రా అమ్మే, బువ్వ తిందాం" అనాలి. ఆ మాట పడేదాకా నేను డబ్బా మూత తీసేదాన్ని కాదు. ఆ గంటలో జరిగినవి రాసేటప్పుడు 'అన్నారు' అని రాయలేను, 'అంది' అనే రాస్తాను. ఏమీ అనుకోకండి.

ఏం మాట్లాడుకునేవాళ్ళమని అడిగితే చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు. అలసందల పులుసులో ఎర్రగడ్డ ఎక్కువైందని, వాళ్ళ తమ్ముడి చేలో కంది పూత రాలిందని, నా కొడుక్కి జొరమొచ్చిందని. అవే సంగతులు గుంటూరు మాటలో మా ఇంట్లోనూ చెప్పుకోవచ్చు, చెప్పుకుంటూనే ఉన్నాం. మా ఆయన మంచివాడు. కానీ ఇంట్లో నేను ఏం చెప్పినా ముందు ఒక్క క్షణం మాటను సరిచూసుకుని చెబుతాను. నాకే తెలియకుండా జరిగిపోతుంది. తలుపు వెనక ఆ గంటలో మాత్రం సరిచూసుకోవడం ఉండేది కాదు. మా అమ్మ పోయాక మా ఊళ్ళో మాకంటూ ఎవరూ మిగల్లేదు. చెల్లెలు హైదరాబాదులో స్థిరపడింది, దాని నోట ఇప్పుడు టీవీలో వచ్చే తెలుగే వస్తుంది. నేను పుట్టి పెరిగిన మాటను నాతో మాట్లాడే మనిషి లోకంలో ఆవిడ ఒక్కతే మిగిలింది. ఆవిడ బతికుండగా ఈ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు.

ఆవిడను దేవతను చేయడానికి నేనిది రాయడం లేదు. చేస్తే ఆవిడే ఒప్పుకోదు. మొండి మనిషి. ఒకరోజు పర్చూరు నుంచి వచ్చిన ఒక పిల్ల క్లాసులో లేచి, వాళ్ళ ఊరి తెలుగులో ఏదో సందేహం అడిగింది. పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్ద మేడం నవ్వినవాళ్ళను ఒక్క మాట అనలేదు. ఆ పిల్లనే సరిదిద్దారు. "అలా కాదమ్మా, ఇలా అనాలి" అని రెండుసార్లు అనిపించారు. ఆ పిల్ల ముఖం చూస్తే నాకు మా అత్తగారిల్లు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. మధ్యాహ్నం గడియ పడీ పడకముందే అందుకున్నాను.

"ఏందక్కా అది? బయట ఆ పిల్ల నోరు కట్టేసి, లోపలికొచ్చి మనం ఇట్టా మాట్టాడుకుంటన్నామే, ఇదేం న్యాయం?"

"దానికి ఉజ్జోగం కావాలమ్మే. ఇయ్యాల నేను దిద్దకపోతే రేపు ఇంకోడు నవ్వుతాడు. నవ్వితే అది నోరే తెరవదు."

"మరి మనది? తలుపేసుకుని మాట్టాడేదాన్ని ఏమంటారు?"

"ఏమన్నా అనుకో. రోజంతా ఆళ్ళ కోసం మాట్టాడతన్నా. ఈ గంటన్నా నా నోరు నా యిష్టం."

నేను ఆ రోజు అన్నం తినలేదు. ఆవిడ బతిమాలలేదు, తన డబ్బా తను తినేసి కడుక్కుంది. ఇప్పటికీ ఆ విషయంలో ఆవిడ చేసింది నాకు నచ్చలేదు. పోయినవాళ్ళతో అన్నిట్లో ఏకీభవించాలని ఎక్కడా లేదు కదా.

ఆ గొడవ చల్లారాక ఇంకోసారి మామూలుగానే అడిగాను. "అక్కా, లండనోళ్ళు రాసిందీ ఒప్పేనంటావు, అమెరికావోళ్ళు రాసిందీ ఒప్పేనంటావు. మన మాటొక్కటీ ఎట్టా తప్పయింది?"

ఆవిడ చేతిలో ముద్దను మళ్ళీ డబ్బాలో పెట్టింది. "ఆళ్ళు ఎవురి బడి ఆళ్ళు పెట్టుకున్నారమ్మే. మనం ఇంకోళ్ళ బడికి పోయాం." తర్వాత పెద్దగా నవ్వింది. "ఆ బడిలో ముప్పయ్యేళ్ళు జీతం తిన్నది నేనే గదా, ఇంక ఎవురిని అడుగుతావులే!"

ఆవిడ నవ్వితే భుజాలు ముందు కదిలేవి, చప్పుడు ఆ తర్వాత వచ్చేది. ఆ నవ్వు క్లాసులో ఎవరూ చూసి ఉండరు.

పోయిన నెలలో కాస్త ఆయాసంగా ఉందని, నాలుగు రోజులు తమ్ముడి దగ్గర ఉండి వస్తానని బయలుదేరారు. వెళ్ళే రోజు పొద్దున కూడా క్లాసు చెప్పారు. బోర్డు మీద మాటలు రాసి, "సాయంత్రం నువ్వు తుడువు, మరిచిపోకు" అని నాకు అప్పజెప్పారు. మధ్యాహ్నం తిన్నాక గొడుగు చంకన పెట్టుకుని, తలుపు తీయకముందే, "పోయొస్తానమ్మే. రవ్వ నెమ్మదించినాక ఫోన్ చేస్తాలే" అంది. గడియ తీసి, "వస్తానమ్మా, జాగ్రత్త" అన్నారు. ఒకే నిమిషంలో రెండుసార్లు వీడ్కోలు చెప్పి వెళ్ళిన మనిషి. ఫోన్ చేయలేదు. తమ్ముడే చేశాడు.

సమాధి వేళకు నేను అందుకోలేకపోయాను. తర్వాత వారం ఆదరణ కూడిక పెట్టారు. క్రైస్తవుల్లో పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి అందరూ కూడి, ప్రార్థన చేసి, పోయినవాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పుకుంటారు. నన్నూ మాట్లాడమన్నారు. గుంటూరు నుంచి బస్సెక్కాను. చిలకలూరిపేట దాటేదాకా రోడ్డు పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి, బస్సంతా తుమ్ములు. అద్దంకి దాటి దర్శి వైపు పోయేకొద్దీ నల్లరేగడి పలచబడి, ఎర్రమట్టి మొదలైంది. ఆ మట్టి చూడగానే నాకు ఒక ఆశ పుట్టింది. ఆవిడ పోయినా ఆవిడ మాట మాట్లాడే ఊరు ఉంది కదా, నేను ఎందుకింత బెంగపడుతున్నాను? అక్కడ గుంటూరు తెలుగులో మాట్లాడకూడదని నిశ్చయించుకున్నాను. "అక్క శానా మొండి మడిసి. మాట పడేది గాదు. అయినా ఆమె కాడ కూకుంటే ఇంట్లో కూకున్నట్టుండేది." ఈ మూడు మాటలూ దర్శి నుంచి పొదిలి దాకా లోలోపల వల్లె వేసుకుంటూనే ఉన్నాను. పక్క సీట్లో కూర్చున్న ఒకామె నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకుని కాస్త జరిగి చోటిచ్చింది.

పల్లెలో చిన్న చర్చి. చెప్పులు బయట విడిచి, లోపల చాప మీద ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. చుట్టూ అందరూ మాట్లాడుకుంటున్నారు. యాడ, ఈడ, అట్టా, ఎట్టా. కళ్ళు మూసుకుంటే మధ్యాహ్నం గదిలో ఉన్నట్టే ఉంది. పాస్టరుగారు నన్ను పిలిచారు. మైకు ముందుకు వెళ్ళాను. అందరూ నా వంక చూశారు. నోరు తెరిచాను.

"అక్కగారు చాలా పట్టుదల గల మనిషి. ఎందరో విద్యార్థుల జీవితాల్ని తీర్చిదిద్దిన ఆదర్శ ఉపాధ్యాయురాలు."

నా గొంతే. మైకులోంచి వస్తోంది. ఆపి మళ్ళీ మొదలుపెడదామని చూశాను, రాలేదు. మా మాట ఒక్క ముక్క రాలేదు. తలుపు వేసిన గదిలో, ఎదురుగా ఆ ఒక్క మనిషి ఉంటే తప్ప ఆ మాట నా నోట రాదని, అంతమంది మధ్య నిలబడ్డాక తెలిసింది. ఏదో మాట్లాడి, బాగానే మాట్లాడి దిగాను. అందరూ ఆమేన్ అన్నారు.

అన్నాల దగ్గర ఆవిడ వదినగారు, ముసలామె, నాకోసం కుర్చీ తెప్పించింది. మిగతా అందరూ కింద కూర్చున్నారు. "గుంటూరు మేడం ఎంత పద్దతిగా మాట్టాడిందో!" అని పక్కనామెతో చెప్పింది. "నాదీ ఈపక్కే పెద్దమ్మా, పొదిలి కాడే" అన్నాను. ఆమె నా చీర వంక, చేతి వాచీ వంక చూసి, "అట్టాగాండీ, శానా సంతోషమండీ" అంది. అప్పుడు తెలిసింది, తమ్ముడు ఫోన్‌లో నాకు 'అండీ' ఎందుకు పెట్టాడో. ఆయనకు నేను అక్క పక్కన పనిచేసే గుంటూరు మేడాన్నే. వడ్డించే అమ్మాయి ఒకతి ఎదురుగా వచ్చి నిలబడింది. పట్టుబట్టి, ఆఖరి ప్రయత్నంగా అడిగాను. "ఎర్రగడ్డ ముక్కుంటే పెడతావా పాపా?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, నాకు అర్థమయ్యేలా చెప్పాలని కాబోలు, చాలా మర్యాదగా అడిగింది. "ఆనియనా మేడం?"

"అవునమ్మా" అన్నాను. ఇంకేమనను?

తిరుగు బస్సులో ఏడ్చాను. ఆవిడ కోసమా, నా కోసమా అని అడిగితే విడదీసి చెప్పలేను.

మర్నాడు సెంటర్ తెరిచాను. బోర్డు మీద ఆవిడ రాసి వెళ్ళిన మాటలు ఇంకా ఉన్నాయి. ఆవిడ వెళ్ళిన సాయంత్రం నేను వేలితో తుడిచిన ఖాళీలూ ఉన్నాయి. ఆవిడ తిరిగొచ్చి చూస్తారని నేనే ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, అన్నాళ్ళూ క్లాసులు పుస్తకం చూసే నడిపాను. లండన్ బ్యాచ్‌లో ఒక అమ్మాయి "తుడిచేయమంటారా మేడం?" అని డస్టరు పట్టుకుని నిలబడింది. క్లాసు జరగాలి కదా. తుడిచేయమన్నాను. మొత్తం తుడిచేసింది.

మధ్యాహ్నం పిల్లలు వెళ్ళాక గదిలోకి వెళ్ళాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇన్నేళ్ళలో ఆ తలుపు నేనొక్కసారి కూడా వేయలేదని. తోశాను. గడియ పడలేదు. ఆవిడ చేసినట్టు తుంటితో తోశాను. దబ్బుమని చప్పుడైతే అయింది గానీ, చేయి తీయగానే తలుపు మెల్లగా వెనక్కి వచ్చి జానెడు తెరుచుకుని ఆగింది. ఇంకోసారి తోశాను, ఇంకోసారి. ఎక్కడ నొక్కాలో ఆవిడకు తెలుసు. నేనెప్పుడూ చూసి నేర్చుకోలేదు. చివరికి అలాగే వదిలేసి, వచ్చి కూర్చుని డబ్బా ముందు పెట్టుకున్నాను. మూత తీయబుద్ధి కాలేదు. మొదటి మాట ఇంకా పడలేదు. ఆ మాట అనే మనిషి లేకపోతే ఇంక నేనే అనాలి.

ఎదురు కుర్చీ వంక చూసి, గట్టిగానే అన్నాను. "రా అక్కా, బువ్వ తిందాం."

వచ్చింది. పొదిలి మాటే వచ్చింది. అంతమంది ముందు రానిది, ఖాళీ కుర్చీ ముందు తడుముకోకుండా వచ్చింది.

మెట్ల మీద చదువుకుంటున్న పిల్ల ఒకతి చప్పున లేచి వచ్చి, తలుపు సందులోంచి తొంగి చూసింది. "మేడం, పిలిచారా? లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరమ్మా" అన్నాను. "నువ్వెళ్ళి చదువుకో."

ఆ పిల్ల వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ మర్యాద కొద్దీ తలుపు దగ్గరికి లాగింది. తలుపు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నెమ్మదిగా జానెడు తెరుచుకుంది.